వేడెక్కని స్లో కుక్కర్, ప్రమాదకరమైన వంట సూచనలు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

నమస్కారం. హనుమకొండలోని మీ డీలరు వద్ద కొన్న స్లో కుక్కర్ (కరెంటు మీద గంటల తరబడి నిదానంగా ఉడికించే గిన్నె) గురించి ఈ ఫిర్యాదు రాస్తున్నాను. బిల్లు, వారంటీ కార్డు నకళ్లు జతచేశాను.

మా అమ్మకు ఎనభై ఏళ్లు దాటాయి. మాంసం ఇష్టం, కానీ గట్టి ముక్క నమలలేదు. సన్నని సెగ మీద నిదానంగా ఉడికినదైతే తినగలదని, మీ వంట పుస్తకం అట్ట మీది టర్కీ కోడి బొమ్మ చూసి మరీ కొన్నాం.

ఊరి బయట ఫారంలో పెంచిన టర్కీ కోడి రొమ్ము భాగాన్ని ఎముకతో సహా తెచ్చాను. ఆ కండలో కొవ్వు చాలా తక్కువ. ఉప్పు లోపలికి పట్టకపోతే చప్పగా ఉంటుంది, మరీ ఎక్కువ ఉడికితే పీచులా తయారవుతుంది. అందుకే ముందు రోజు రాత్రే ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, దంచిన మిరియాలు, ధనియాల పొడి, కాస్త నూనె పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున గిన్నె అడుగున ఉల్లిపాయ చక్రాలు పరిచి, చర్మం పైకి ఉండేలా ముక్కను అమర్చి, అరకప్పు నీళ్లు పోశాను. మాంసంలోంచే రసం ఊరుతుంది కాబట్టి అంతకు మించి అక్కర్లేదు. 'లో' (తక్కువ వేడి) మీద పెట్టి మూత ముట్టుకోలేదు.

ఆరు గంటల తర్వాత మూత తీస్తే పచ్చి ఉల్లి వాసన వచ్చింది. ఎముక పక్కన కత్తి దించితే కండ గులాబీ రంగులో, జిగటగా ఉంది. థర్మామీటర్ గుచ్చితే 52 డిగ్రీల సెల్సియస్! కోడి మాంసం నడిమధ్యలో 74 డిగ్రీలకు చేరితేనే సురక్షితం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. కొన్ని రకాల బాక్టీరియా వదిలే విషం మళ్లీ మరిగించినా పోదు. అందుకే మొత్తం పారేశాను. ఒక రైతు నెలల తరబడి మేపిన కోడి అలా మట్టిపాలైంది.

మీ సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే 'మీ వైపు ఓల్టేజీ తక్కువ' అని కొట్టిపారేశారు. మా స్టెబిలైజర్ ఆ రోజంతా 230 చూపించింది. తర్వాత గిన్నెను సగానికి పైగా నీళ్లతో నింపి, మూత పెట్టి, 'లో' మీద ఎనిమిది గంటలు ఉంచాను. బాగున్న కుక్కర్‌లో నీళ్లు సుమారు 85 డిగ్రీలకు చేరాలి. మీ దాంట్లో 58 దాటలేదు. థర్మామీటర్, స్టెబిలైజర్ రెండూ కనిపించేలా తీసిన ఫొటోలు పంపుతున్నాను.

అయినా ఓల్టేజీ సాకు నాకు మింగుడుపడలేదు. యాసంగిలో మోటార్లన్నీ నడిచేటప్పుడు మా పల్లెల్లో ఓల్టేజీ పడిపోవడం కొత్త కాదు. 230 ఉండాల్సిన చోట 180 ఉంటే 200 వాట్ల కుక్కర్ సుమారు 122 వాట్లే ఇస్తుంది. ఇది తెలిసి కూడా పెట్టె మీద ఒక్క హెచ్చరిక ముద్రించకుండా ఇక్కడ ఎలా అమ్ముతున్నారు?

వంట పుస్తకం సంగతి ఇంకా ఘోరం. గడ్డకట్టిన మాంసాన్ని ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా గిన్నెలో వేయమంది. అలా వేస్తే మాంసం ప్రమాదకరమైన వేడిలో మరింత సేపు ఉండిపోతుంది. లోపలి ఉష్ణోగ్రత ఎంత ఉండాలో ఎక్కడా లేదు. తెలుగులో ఒక్క ముక్కా లేదు. పుస్తకంలో ఉన్నట్టే వండి, పైకి ఉడికినట్టు కనిపించిందని ముసలివాళ్లకో పసిపిల్లలకో పెట్టే ఇళ్లు ఎన్ని ఉంటాయో ఆలోచించండి.

సరైన వాడకం సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం వల్ల హాని జరిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తయారీదారుదే బాధ్యత. మా ఇంట్లో హాని జరగకముందే చెబుతున్నాను. నా డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి. ఇదే మోడల్ కొన్నవారందరికీ గడ్డకట్టిన మాంసం వేయవద్దని, 74 డిగ్రీలు చూసుకోవాలని తెలుగులో సందేశం పంపండి. డబ్బు ఆలస్యమైనా ఓర్చుకుంటాను, ఆ సందేశం మాత్రం ఈ వారమే వెళ్లాలి.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ, జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాను. కుక్కర్‌ను పరీక్షకు తీసుకెళ్లడానికి మీ మనిషిని ఎప్పుడైనా పంపవచ్చు.

ఇట్లు,
మీ వినియోగదారు,
హనుమకొండ