మిషన్లకు టార్పాలిన్లు కప్పడం లేదు

మా షెడ్డులో వరికోత మిషన్లు పెట్టిన అన్నలందరికీ నమస్తే. యాసంగి కోతల దాకా మిషన్ మొత్తం మూసేలా కొత్త టార్పాలిన్లు కప్పిస్తానని, కిరాయి కాక విడిగా పైసలు తీసుకున్నాను. ఇప్పుడు కప్పడం లేదు. బయట ఎవరో చెబితే వినేకంటే నా నోటితోనే వినండి.

దసరాకు ముందే టార్పాలిన్లు అమ్మేటాయనకు ఆర్డరిచ్చి సగం అడ్వాన్సు కట్టాను. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు) మందం అని ఒప్పుకున్నాడు. కోతలన్నీ అయిపోయాక తీరిగ్గా సరుకు పంపాడు. కట్ట విప్పి ఒక షీటు ఎండకు ఎత్తి పట్టుకుంటే అవతల నిలబడ్డ మా పనిపిల్లగాడి చొక్కా గీతలు కనబడుతున్నాయి. తాడు కట్టి గుంజితే రింగులు ఊడి చేతికొచ్చాయి. ఫోన్ చేస్తే "అందరూ ఇవే తీసుకుంటున్నరు, నీకే వంకలు" అన్నాడు. ఇన్నేళ్లుగా షెడ్డు నడుపుతున్న మనిషితో అనే మాటేనా అది? సరుకంతా తిప్పి పంపాను. అడ్వాన్సు ఇంకా రాలేదు. అది నాకూ వాడికీ ఉన్న లెక్క, మీ మీద వెయ్యను.

వరంగల్‌లోనే వేరే దుకాణంలో మందం సరుకు ఉంది. కొందామా వద్దా అని చాలా రాత్రులు నిద్ర లేదు. చివరికి వద్దనే అనుకున్నాను. పైన రేకులున్నాయి, వాన భయం లేదు. చలికాలంలో మిషన్‌ను కింది దాకా బిగించి కప్పితే లోపలి చెమ్మ బయటికి పోదు. తెల్లారి చూస్తే టార్పాలిన్ లోపలి వైపు నీటి బొట్లే. పైగా చుట్టూ వరి కోసేశాక ఎలుకలకు కావాల్సింది ఇలాంటి చీకటి, వెచ్చని జాగానే. పోయినేడు ఒకరు ఇంటి దగ్గర కప్పి ఉంచిన మిషన్ రిపేరుకు తెచ్చారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే గడ్డితో ఎలుక గూడు, కింద కొరికేసిన వైర్లు. గాలి ఆడనిస్తే ఈ రెండు బాధలూ తగ్గుతాయి. సైలెన్సర్ మూతికి, గాలి లాగే పైపుకు మాత్రం గుడ్డ కడుతున్నాం.

కప్పకపోతే వేరే షెడ్డుకు తీసుకుపోతామని కొందరన్నారు. తీసుకుపోండి, అడ్డం రాను. ఏప్రిల్‌లో చెమ్మకు బేరింగులు ఎలా అయ్యాయో చూసుకున్నాక మాట్లాడుకుందాం.

మిగతా పని ఎప్పటిలాగే. మొంథా తుపాను పుణ్యమా అని ఈసారి టైర్లకు బదులు చైన్ల మీద నడిచే మిషన్లన్నీ బురద ముద్దల్లా వచ్చాయి. చైన్లను నీళ్లతో కడిగాం. లోపల మాత్రం కంప్రెసర్ గాలితోనే గింజ, పొట్టు ఊదేస్తున్నాం. ప్రెషర్ వాష్ కొట్టమని ఎవరు చెప్పినా కొట్టను, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. బెల్టులు వదులు చేసి, వరి కోసే కట్టర్ బార్‌కు గ్రీజు పూసి మొద్దుల మీదికి దించాం. బ్యాటరీలు విప్పి లోపల పెట్టాం, 12.4 వోల్టుల కిందికి పడితే మళ్లీ ఛార్జింగ్ పెడతాం.

టార్పాలిన్ పైసలు కిరాయిలో తగ్గించుకుంటారా, చేతికి కావాలా, మీ ఇష్టం. చేతికి కావాలంటే ఆదివారం తప్ప ఎప్పుడైనా రండి. డీజిల్ ట్యాంకు సగం ఖాళీగా వదిలి వెళ్లినవాళ్లు సంక్రాంతి లోపు వచ్చి నింపించుకోండి. ఖాళీ ఉన్నచోట చెమ్మ పట్టి డీజిల్‌లో నీళ్లు చేరతాయి. మొదటి రోజే చెప్పాను కాబట్టి నా పైసలతో పొయ్యను.