వెనక పెడళ్ల ఇరుసు విప్పారా అని అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇద్దరు తొక్కే టాండెమ్ సైకిళ్ల మీద రాసిన కథనం చదివాను. ఫొటోలు బాగున్నాయి, కాదనను. కానీ చైన్‌కి నూనె వేసుకుంటే చాలు, మిగతాదంతా మామూలు సైకిలే అని ఒక వాక్యం రాసేశారు చూడండి, అది చదివి వినిపించగానే మా బావ కాఫీ గ్లాసు కింద పెట్టి "ముందు వాళ్లకి ఉత్తరం రాయి" అన్నాడు. అందుకే ఇది.

మాది నెల్లూరు, చాలా ఏళ్లుగా చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. బావకి గ్లకోమాతో చూపు పోయింది. పారాలింపిక్స్‌లో చూపు లేని ఆటగాళ్లు టాండెమ్ మీద వెనక కూర్చుని తొక్కుతారు, ముందు చూపున్నవాళ్లు హ్యాండిల్ పడతారు. అది టీవీలో విన్నప్పటినుంచి ఆయనకి అదే ధ్యాస, చివరికి సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నాం. మాదేమీ రేసు కాదు. ఆదివారం తెల్లారకముందే బయల్దేరి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ముట్టుకాడు దాకా పోయి, ఇడ్లీ తిని రావడమే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి మా వీధి మునిగింది. మెట్ల కింద పెట్టిన సైకిల్ ఇరుసుల పైదాకా నీళ్లలోనే ఉండిపోయింది. ఆ హడావుడిలో ఫ్రిజ్జు, బీరువా, బియ్యం డబ్బాలు చూసుకున్నామే గానీ సైకిల్ సంగతి ఎవరికి గుర్తుంటుంది, నీళ్లు తీశాక గుడ్డ పెట్టి తుడిచి చైన్‌కి నూనె వేసి వదిలేశాను. మీ కథనంలో చెప్పినట్టే.

వేసవిలో ఒకరోజు బావ "అబ్బయా, నా కాళ్ల కింద ఏందో తిరగలి తిప్పినట్టుంది" అన్నాడు. నాకేమీ వినపడలేదు. ఆయనకి చెవిలో కాదు, పాదాల్లో తెలుస్తోంది. రెండు వారాలకి నాకూ కటకట వినిపించింది. పేరు చెప్పను గానీ, అద్దాల తలుపులున్న ఒక పెద్ద షాపుకి తీసుకెళ్తే ఫుల్ సర్వీస్ అని బిల్లు వేసి, ముందు పెడళ్ల బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు, అది తిరిగే బేరింగులు) మార్చి ఇచ్చారు. ముందుదే ఎందుకంటే, తొక్కి చూసినవాడు ముందు సీటు మీద కూర్చున్నాడు కాబట్టి! ఫ్రేము గొట్టాల్లో చప్పుడు ఎక్కడిదెక్కడికో పాకుతుంది, కూర్చున్న చోటే పుట్టినట్టు అనిపిస్తుంది. పైగా పాతదానికన్నా పొట్టి ఇరుసు వేశారు. దాంతో ముందు ఎడమ పళ్లచక్రం లోపలికి జరిగి, వెనకదానితో వరస తప్పి చైన్ ఏటవాలుగా పరిగెత్తడం మొదలుపెట్టింది. ఉన్న చప్పుడు పోలేదు, ఇంకోటి వచ్చి చేరింది.

దీని అమరిక కాస్త చెప్తాను. చాలా టాండెమ్‌లకి ఎడమవైపు ఒక చైన్ ముందు పెడళ్లనీ వెనక పెడళ్లనీ కలుపుతుంది, కుడివైపు ఇంకో చైన్ వెనక చక్రాన్ని లాగుతుంది. ముందువాడు తొక్కిన బలమంతా ఎడమ చైన్ మీదుగా వెనక పెడళ్ల ఇరుసుకొచ్చి, అక్కడ వెనకవాడి బలంతో కలిసి, అప్పుడు చక్రానికి పోతుంది. అంటే ఇద్దరి కష్టమూ ఆ ఒక్క ఇరుసు మీద, దాని రెండు చివర్లా ఉండే కప్పుల్లోని బేరింగు గోళీల మీద పడుతుంది. చాలావరకు మొదట అరిగేది అదే.

చివరికి పెరంబూరులో ఒక పెద్దాయన దగ్గరికి పోయాం. అంతకుముందు నేనే ఇంట్లో విప్పబోయి పరువు తీసుకున్నాను లెండి. కుడివైపు కప్పుకి ఎడమ మర ఉంటుంది, ఊడాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి (ఇటాలియన్ కొలతవాటికి మాత్రం రెండువైపులా మామూలు మరే). ఆ సంగతి తెలియక పానాకి గొట్టం తగిలించి మరీ అరగంట బిగించాను! పెద్దాయన నవ్వి, క్రాంకులకి (పెడల్ బిగించే కడ్డీలకి) పుల్లర్ అనే లాగే పనిముట్టు తగిలించి మెత్తగా ఊడదీశాడు. పాత సైకిళ్ల కాటర్ పిన్నుల్ని కొట్టినట్టు వీటిని సుత్తితో కొడితే కప్పుల్లో గుంతలు పడతాయట.

వెనక ఇరుసు ఎడమ కప్పు ఊడిరాగానే ముందు గ్రీజు రాలేదు, తుప్పు రంగు నీళ్లు కారాయి. సీటు గొట్టంలోంచి దిగిన నీళ్లు పోయే దారి లేక అక్కడే నిలిచిపోయాయి. గోళీలు పావు అంగుళంవి, ఒక్కో వైపు పదకొండు. సగానికి పైగా మెరుపు పోయి, వేళ్ల మధ్య దొర్లిస్తే గరుకుగా తగిలాయి. ఆయన కిరసనాయిలుతో కప్పులు కడిగి, లోపల గుంతలు లేవని గోరుతో తడిమి చూసి, ఇరవై రెండూ కొత్తవే వేశాడు. మంచివి ఏరి పెట్టమంటే ఒప్పుకోలేదు, పాతదీ కొత్తదీ కలిస్తే బరువంతా పెద్దవాటి మీదే పడుతుందన్నాడు. గోళీలకి అయిన ఖర్చు ఆ రోజు మా టిఫిన్ బిల్లుకన్నా తక్కువ. కప్పు కదలకుండా పట్టే లాక్‌రింగ్ బిగించేటప్పుడు కప్పు కూడా దాంతో కొంచెం తిరుగుతుంది కాబట్టి ఒక చేత్తో కప్పుని ఆపి పట్టి, మళ్లీ మళ్లీ ఇరుసు తిప్పి చూశాడు. ఆఖరున బాటమ్ బ్రాకెట్ గొట్టం అడుగున చిన్న కన్నం వేశాడు, ఈసారి నీళ్లు దిగినా కారిపోవడానికి.

షాపువాళ్లు వేసిన పొట్టి ఇరుసు తీసేసి సరైన పొడవుది వెతికి తెచ్చింది కూడా ఆయనే. ముందువైపు కథ వేరే ఉంది. అక్కడ బాటమ్ బ్రాకెట్ ఒక లావుపాటి అల్యూమినియం దిమ్మలో కూర్చుంటుంది. దాని కన్నం నడిమధ్యన కాక ఒక పక్కకి ఉంటుంది కాబట్టి, దిమ్మని తిప్పితే ఇరుసు ముందుకో వెనక్కో జరిగి ఎడమ చైన్ బిగుతు మారుతుంది. దిమ్మకి ఏటా గ్రీజు పెట్టకపోతే స్టీలు గొట్టంలో అతుక్కుపోతుంది, మన సముద్రపు గాలికి ఇంకా త్వరగా. మాదాంట్లో బిగించే స్క్రూలు దిమ్మ మీద గుంతలు చేశాయి, కొంచెం తిప్పి బిగిస్తే జారి మళ్లీ పాత గుంతలోనే పడేది! చైన్ మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి. మరీ బిగిస్తే రెండు ఇరుసుల బేరింగులూ అరిగిపోతాయి. పళ్లచక్రాలు అచ్చంగా గుండ్రంగా ఉండవు కాబట్టి, పెడళ్లు ఒక చుట్టు తిప్పి ఎక్కడ బాగా బిగుస్తుందో అక్కడే చూడాలి.

మీ పాఠకుల్లో టాండెమ్ ఉన్నవాళ్లకి ఒకటే చెప్తాను. చైన్లు రెండూ తీసి, ఒక్కో జత క్రాంకుల్ని పట్టుకుని పక్కకి ఊపండి, తర్వాత సీటు గొట్టం మీద అరచెయ్యి పెట్టి క్రాంకుల్ని మెల్లగా తిప్పండి. లూజుగా ఊగినా, చేతికి ఇసుక రాసినట్టు తగిలినా విప్పాల్సిందే. సీల్డ్ కార్ట్రిడ్జ్ (బేరింగులు లోపలే మూసేసి వచ్చేది) అయితే మొత్తం యూనిట్ మార్చాలి. విడిగా బేరింగులు మార్చే రకమైతే నంబరు పక్కన 2ఆర్ఎస్ అని ఉన్నవి కొనండి, అంటే రెండువైపులా రబ్బరు సీల్. జెడ్‌జెడ్ అంటే రేకు మూత, వానకి ఆగదు. కార్లు కడిగే నీళ్ల గన్ను ఇరుసుల వైపు తిప్పనివ్వకండి.

కాబట్టి ఆ వాక్యాన్ని వచ్చే ఆదివారం సరిదిద్దండి. ఇంకో విషయం. మీరు వేసిన రెండో ఫొటోలో, పచ్చ సైకిల్ మీద ఉన్న దంపతుల ఎడమ చైన్ బాగా వేలాడుతోంది. గతుకుల్లో అది పళ్ల మీంచి జారిందంటే ముందున్నాయన పెడళ్లు ఉన్నట్టుండి ఖాళీగా తిరుగుతాయి. వాళ్ల నంబరు మీ ఫొటోగ్రాఫర్ దగ్గర ఉంటే ముందు వాళ్లకి ఫోన్ చేయించండి.

— ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై