2 ఆంపియర్ల చోట 10 ఆంపియర్ల ఫ్యూజ్ వేసి ఆంప్లిఫయర్ కాల్చేసినందుకు ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

మీ కంపెనీ ఆంప్లిఫయర్ ఒకటి మా ఇంట్లో ఉంది. 1984లో మా నాన్నగారు దుబాయ్ నుంచి తెప్పించుకున్నది. గత నెల మీ విజయవాడ సర్వీస్ సెంటర్లో రిపేరుకిస్తే 23 రోజులు ఉంచుకుని, 2,850 రూపాయలు తీసుకుని ఇచ్చారు. ఇంటికి తెచ్చిన ఐదో రోజు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

నేను చెప్పిన కంప్లైంట్ ఒక్కటే: స్విచ్ వేయగానే అప్పుడప్పుడు ఫ్యూజ్ పోతోంది. పోయిన ఫ్యూజ్ కూడా కవర్లో పెట్టి ఇచ్చాను. దాని గాజు లోపలంతా నల్లగా మాడి, అద్దానికి పూత పూసినట్టు మెరుస్తోంది. కొంచెం లోడ్ ఎక్కువై పోయిన ఫ్యూజ్‌లో తీగ మధ్యలో తెగుతుంది గానీ గాజు తేటగానే ఉంటుంది. ఇలా మాడిందంటే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. మీ టెక్నీషియన్ ఆ కవరు విప్పనే లేదు. నేను పిన్ను కొట్టినది కొట్టినట్టే తిరిగొచ్చింది.

బిల్లులో 'ఫ్యూజ్ మార్చాం, జనరల్ సర్వీసింగ్' అని రాశారు. వాల్యూమ్ నాబ్‌కి ఏదో జిడ్డు నూనె కూడా కొట్టారు. సరే, అది చిన్న విషయం.

ఐదో రోజు సాయంత్రం కాలిన వార్నిష్ వాసన వచ్చింది. పైమూత మీద చెయ్యి పెట్టలేకపోయాను. ప్లగ్ పీకి, చల్లారాక ఫ్యూజ్ తీసి చూశాను. చెక్కుచెదరలేదు! దాని చివరి లోహపు మూత మీద ఎఫ్ 10ఏ అని ఉంది, అంటే 10 ఆంపియర్ల ఫాస్ట్ ఫ్యూజ్. వెనక ప్లేటు మీద మీ కంపెనీయే 220 వోల్టులకు టీ 2ఏ అని అచ్చు వేసింది. 2ఏ అంటే 2 ఆంపియర్లు, టీ అంటే స్లో ఫ్యూజ్. స్విచ్ వేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ లాగే ఎక్కువ కరెంటును అది ఓర్చుకుంటుంది, షార్ట్ అయితే మాత్రం పోతుంది. 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లంటే 2,300 వాట్లు. రెండు ఇస్త్రీపెట్టెలు ఒకేసారి నడుస్తాయి. ఆ ఫ్యూజ్ పోయేలోపు ట్రాన్స్‌ఫార్మర్ పోదా మరి?

మా వీధి చివర రేడియో మెకానిక్ పావుగంటలో తేల్చేశాడు: ఏసీ కరెంటును డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్‌లో ఒక డయోడు షార్ట్. అప్పుడప్పుడూ షార్ట్ అవుతున్నది చివరికి పూర్తిగా పోయిందన్నాడు. సిరీస్ బల్బు (కరెంటు సెట్టులోకి బల్బు గుండానే వెళ్లేలా) పెట్టి ఓ గంట ఆన్‌లో ఉంచితే తెలిసిపోయేదట. డయోడు ఖరీదు పాతిక రూపాయలు.

మీ సెంటర్‌కి ఫోన్ చేస్తే, "నలభై ఏళ్ల సెట్టు సార్, ఏదో ఒకటి పోతూనే ఉంటుంది" అన్నారు. నలభై ఏళ్లూ దాన్ని కాపాడింది ఆ 2 ఆంపియర్ల ఫ్యూజే. దాన్ని తీసేసింది మీరు.

ట్రాన్స్‌ఫార్మర్‌ను పాత చుట్ల లెక్క ప్రకారమే మీ ఖర్చుతో రీవైండింగ్ చేయించి, డయోడు మార్చి, ప్లేటు మీదున్న ఫ్యూజే వేసి ఇవ్వండి. 2,850 రూపాయలు వాపసు చేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

బిల్లు కాపీ, రెండు ఫ్యూజుల ఫొటోలు జతచేశాను. ఫ్యూజులు మాత్రం నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్,
విజయవాడ