జనవరి 3న ఆ పిడికెడు బియ్యం కథ కూడా పిల్లలకు చెబుదాం

సంపాదకుల వారికి నమస్కారాలు.

సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజైన జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరపాలని మన తెలంగాణ ప్రభుత్వం 2025లో నిర్ణయించినప్పుడు, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిగా నేను ఎంతో సంతోషించాను. ఆ తల్లికి దక్కిన గౌరవంలో వీసమెత్తు కూడా తగ్గకూడదు. అయితే 1871లో అదే తేదీన కేరళలోని కూనమ్మావులో కన్నుమూసిన మరొక విద్యాదాత గురించి మన బడుల్లో ఒక్క మాటా వినిపించడం లేదన్న వెలితి నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ఆయన కురియాకోస్ ఏలియాస్ చావర అనే కతోలిక ఫాదర్. మన ప్రాంతపు కతోలికులు ఫాదర్‌ను గురువు అనే పిలుస్తారు. చావరకు ఆ పిలుపు రెండు విధాలా తగినది.

నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ఆయన నాకు పరాయివాడని అనిపించడు. 1831లో కేరళలోని మన్నానంలో ఇద్దరు పెద్ద గురువులతో కలిసి ఆయన మొదలుపెట్టిన సన్యాసుల సభే ఈనాటి సీఎంఐ (కార్మెలైట్స్ ఆఫ్ మేరీ ఇమ్మాక్యులేట్) సభ. 1962లో మహారాష్ట్రలోని చాందా (చంద్రపూర్) ప్రాంతాన్ని మతసేవ కోసం ఆ సభకే అప్పగించారు. ఆ చాందా మేత్రాసనం (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతం) నుంచి విడివడి 1999లో మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది. ఆ సభ ఫాదర్లను మన పట్టణంలో రోజూ చూస్తున్నవారికి కూడా దాని మూలపురుషుని పేరు తెలియదు.

చావర 1805లో కుట్టనాడులోని కైనకరి గ్రామంలో పుట్టారు. ఫాదర్ కావడానికి గురువిద్య అభ్యసిస్తున్న కాలంలోనే అంటువ్యాధి సోకి తల్లిదండ్రులు, ఒక్కగానొక్క అన్న చనిపోయారు. వంశం నిలపడానికి ఇంటికి వచ్చేయమని బంధువులు పట్టుబట్టినా, ఆస్తిలో తన వాటా వదులుకొని, ఇంటి బాధ్యత అయినవారికి అప్పగించి తిరిగి చదువుకే వెళ్లారు. 1829లో గురుపట్టం పొంది ఫాదర్ అయ్యారు. 1846లో మన్నానంలో సంస్కృత పాఠశాల పెట్టి, త్రిస్సూరు నుంచి ఒక వారియర్ పండితుణ్ణి రప్పించి, కులం అడగకుండా పిల్లలను కూర్చోబెట్టారు. సంస్కృతం కొన్ని కులాలవారి చెవిన పడడమే తప్పుగా ఎంచిన రోజులవి. అదే ఏడు అక్కడే అచ్చుయంత్రాన్నీ నెలకొల్పారు. ఆ యంత్రం నమూనాను మొదట అరటిబోదెతో చేయించి చూశారట! చేతిలో డబ్బు లేనివాడు పని మానుకోకుండా దారి వెతుక్కోవడమంటే అదే కదా.

1861లో వికార్ జనరల్, అంటే బిషప్‌కు సహాయంగా పాలన చూసే పదవి చేపట్టిన తరువాత, ప్రతి చర్చికీ అనుబంధంగా ఒక బడి ఉండాలని తమ పరిధిలోని విచారణలన్నింటినీ, అంటే చర్చి పాలనా విభాగాలన్నింటినీ, ఆదేశించారు. ఆయన గొప్పతనం నాకు కనిపించేది ఆ ఆదేశంలో కన్నా, ఆ తరువాత ఆయనకు కలిగిన ఆలోచనలో. దళితవాడల పిల్లలకు బడి తలుపు తెరిచినంత మాత్రాన వాళ్లు రారు, ఆకలి వాళ్లను పొలానికో పశువుల వెంటో లాక్కుపోతుందని ఆయన గుర్తించారు. అందుకే ప్రతి ఇంటా వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్కన వేయమని అడిగి, ఆ బియ్యంతో బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించారు. దానిని అక్కడ ‘పిడియరి’ అంటారు. గొప్ప దాతల కోసం ఎదురుచూడకుండా, రోజూ పొయ్యి వెలిగించే ఆడవాళ్ల పిడికిలిని నమ్ముకున్న ఆ వినయం నన్ను కదిలిస్తుంది.

ఈ సంగతి మనసుకు పట్టడానికి నాకొక కారణం ఉంది. నేను పల్లె బడిలో పనిచేసిన తొలి సంవత్సరాలలో మధ్యాహ్నం గంట కొట్టాక ఇంటికి వెళ్లిన పిల్లల్లో చాలామంది తిరిగి వచ్చేవారు కాదు. ఇంట్లో తినడానికేమీ లేక, చెరువుగట్టున తిరిగి పొద్దుపుచ్చే పిల్లలను నేను వెతికి తెచ్చిన రోజులున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో బడిలోనే వండిపెట్టడం మొదలైన తరువాత, మధ్యాహ్నం హాజరు పిలిస్తే పొద్దుటి గొంతులన్నీ పలకడం నా చెవులారా విన్నాను. సుమారు నూట నలభై ఏళ్లకు ముందే ఒక ఫాదర్ ఈ సత్యాన్ని కనిపెట్టి ఆచరించారని ఆనాడు నాకెవరూ చెప్పలేదు.

పోప్ ఫ్రాన్సిస్ 2014 నవంబరు 23న ఆయనను పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు. అంతకు చాలా ముందే, 1987లో, భారత తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు వెలువరించింది. మన పాఠ్యపుస్తకాలలో మాత్రం ఆయనకింకా చోటు దొరకలేదు.

కాబట్టి విద్యాశాఖ వారికి నా మనవి ఒక్కటే. వచ్చే జనవరి 3న సావిత్రిబాయి గురించి చెప్పిన తరువాత, మధ్యాహ్న భోజనానికి పిల్లలు పళ్లేలతో వరుసలో కూర్చున్నప్పుడు, ఈ పిడికెడు బియ్యం కథను అయిదు నిమిషాలు చెప్పించండి. ఆ పూట వండిన అక్కలను కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మంచిర్యాల.