ముందు చేతులతో విను

ఒరేయ్ శీనూ,

పల్లవీ చరణాలూ లేకుండా లయ మీదే నడిచే ఈ పాశ్చాత్య సంగీతం గురించి చెప్తే, "ఇందులో పాట ఎక్కడుందిరా?" అని అడిగావు కదా. పల్లవి కోసం కాచుక్కూర్చుంటే మూడో నిమిషానికే చిరాకొస్తుంది. చెవి దేనిమీద పెట్టాలో తెలిస్తే మాత్రం గంటైనా కదలవు.

అమెరికా స్వరకర్త స్టీవ్ రైష్ 1972లో రాసిన 'క్లాపింగ్ మ్యూజిక్'తో మొదలెట్టు. వాయిద్యాల్లేవు, ఇద్దరి చప్పట్లే. ఆవర్తనానికి, అంటే ఒక చుట్టుకి, 12 అక్షరాలు (లెక్కలు): మూడు చప్పట్లు, ఖాళీ; రెండు, ఖాళీ; ఒకటి, ఖాళీ; రెండు, ఖాళీ. మొదటివాడు చివరిదాకా ఇదే కొడతాడు. రెండోవాడు 12 సార్లు కలిసి కొట్టాక, ముందున్న చప్పట్టు తీసి చివర్లో పెడతాడు. మరో 12 సార్లయ్యాక ఇంకో అక్షరం. అలా 12 మెట్లు జరిగితే మళ్లీ ఇద్దరూ కలుస్తారు. మధ్యలో ఇద్దరిలో ఎవరూ విడిగా కొట్టని లయలు పుట్టుకొస్తాయి చూడు, వినాల్సింది వాటినే!

మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని నువ్వే కొట్టి చూడు. రెండోవాడి చేతులు జారిపోయి మొదటివాడితో కలిసిపోతాయి. ఎందుకంటే ఆ మూడు చప్పట్లు ఎక్కడుంటే అదే మొదలనుకుంటాడు. రైష్ ఒప్పుకోడు: సమం, అంటే చుట్టు మొదలయ్యే దెబ్బ, ఎప్పుడూ ఆవర్తనం మొదటి అక్షరం మీదే ఉండాలి. కాబట్టి ప్రతి మెట్టునీ కొత్త జతిలా విడిగా నేర్చుకోవాలి.

అది చేతికొచ్చాక 1976 నాటి 'మ్యూజిక్ ఫర్ 18 మ్యుజిషియన్స్' పెట్టు. దాదాపు గంట. మొదట్లో 11 కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) వరసగా వస్తాయి. తర్వాత ఒక్కోదాని మీదా ఒక్కో భాగం నడుస్తుంది. చేత్తో నడిపించే కండక్టర్ లేడు, లోహపు పలకల వాయిద్యం వైబ్రాఫోన్ మోగితే అందరూ మారతారు. ముందు ఆ లోహపు మోత పట్టుకో. తర్వాత మంద్రంగా పలికే ఊదే వాయిద్యం బాస్ క్లారినెట్ గమనించు: దాని అల లేచి తగ్గేది వాయించేవాడి ఊపిరి ఉన్నంతసేపే. ముక్కలుగా విడగొట్టిన రికార్డింగైతే ప్లేయర్లో క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క చివర్ని తర్వాతదాని మొదట్లో కలిపేది) ఆపెయ్, గ్యాప్‌లెస్ (మధ్యలో ఖాళీ రానివ్వనిది) పెట్టు; లేకపోతే సరిగ్గా మారేచోటే పాడవుతుంది. షఫుల్ మాట ఎత్తకు.

ఇప్పుడు రాక్. ఇంగ్లండ్ బృందం కింగ్ క్రిమ్సన్ 1981 ఆల్బమ్ 'డిసిప్లిన్'లో 'ఫ్రేమ్ బై ఫ్రేమ్'. ఏడు లెక్క, మన ఏడక్షరాల తాళం మిశ్రచాపు వేసిన చేతికి ఏడు కొత్తేం కాదులే. రెండు గిటార్లూ కలిసి నడుస్తుండగా ఒకటి 14 స్వరాల దగ్గరే ఉంటుంది, రెండోది ఒకటి వదిలేసి 13 వాయిస్తుంది. చుట్టుకో స్వరం చొప్పున ఎడం పెరుగుతుంది. చప్పట్లలో జరిగిన జరుగుడే ఇది! రెండూ లెక్కపెట్టబోతే రెండూ పోతాయి. ఆ 14 లెక్కని వేళ్లమీద పెట్టుకో, రెండోదాన్ని దాని దారిన పోనీ. ఫోన్ స్పీకర్లో రెండూ ఒకే ముద్దగా వినబడతాయి, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

బెల్జియం బృందం యూనివర్ జీరో మాత్రం ఇప్పుడే వద్దు. బసూన్ (మంద్రంగా పలికే ఊదే వాయిద్యం), వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), హార్మోనియంతో అంత చీకటి సంగీతం మరొకటుందని నేననుకోను. ముందు రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' మొదట్లో వచ్చే ఒంటరి బసూన్ నాలుగైదు సార్లు విను, ఆ గొంతు అలవాటవుతుంది.

చప్పట్లు ఎన్నో మెట్టు దగ్గర తప్పుతున్నాయో రాయి.

నీ
రఘు