డివైడర్ సందులు లెక్కబెట్టించండి, కలెక్టర్ గారూ

ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను టంగుటూరు, సింగరాయకొండల మధ్య పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన టూవీలర్ మెకానిక్‌ని. మా ఊరి పేరు రాయడం లేదు. ఒంగోలు నుంచి కావలి దాకా హైవే అంచునున్న ఏ ఊరి పేరు పెట్టుకున్నా ఈ ఉత్తరం సరిపోతుంది. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి మీరే అధ్యక్షులు కాబట్టి, జనం హైవే దాటడానికి డివైడర్‌లో చేసుకున్న సందుల గురించి మీకే రాస్తున్నా.

కమిటీ మీటింగు అయిన మర్నాడు పేపర్లో ఏం వస్తుందో నాకు కంఠతా వచ్చు. హెల్మెట్ లేకపోతే కేసు, తాగి నడిపితే కేసు, రాంగ్ రూట్‌లో వస్తే కేసు. మొదటి రెండిటికీ నేను అడ్డం చెప్పను. హెల్మెట్‌ని పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకొచ్చి, చెకింగ్ కనబడగానే నెత్తికెక్కించేవాళ్ళను రోజూ చూస్తున్నా. వాళ్ళకు వెయ్యి రూపాయలు పడాల్సిందే. రాంగ్ రూట్ సంగతి మాత్రం వేరు.

మా పక్క రైతు పొలం రోడ్డుకు ఇవతల, ఇల్లు అవతల. సాయంత్రం గడ్డిమోపు బండి వెనక కట్టుకొని ఇంటికి పోవాలి. పద్ధతిగా పోవాలంటే ఊరి దగ్గరున్న సర్వీసు రోడ్డు పొలాల దాకా రాదు, మధ్యలోనే ఆగిపోయింది. అక్కణ్ణుంచి హైవే ఎక్కి, అండర్‌పాస్ దాకా పోయి, తిరిగి రావాలి. అంతసేపూ వెనక నుంచి కార్లు, కంటెయినర్లు. ఇంత పెద్ద రోడ్డు మీద కార్లకు వంద కిలోమీటర్ల వేగం ప్రభుత్వమే ఇచ్చింది. అదే అంచు పట్టుకొని ఎదురొస్తే అయిదు నిమిషాల్లో ఇంట్లో ఉంటాడు. ఎందుకయ్యా అని అడిగితే, "ఎదురొచ్చే లారీ అన్నా కనపడుద్ది, వెనకొచ్చేది కనపడదు గదా" అంటాడు. అతను చేసేది తప్పే. కానీ ఫైన్ రసీదు చేతిలో పెట్టినంత మాత్రాన అతని పొలం అవతలికి పోదు, ఇల్లు ఇవతలికి జరగదు.

ఇక నడిచేవాళ్ళ సంగతి. మూడు వరసలూ, పక్కనున్న అంచూ కలిపి ఒక్కో వైపు పన్నెండు మీటర్ల దాకా ఉంటుంది. మామూలు మనిషి దాన్ని దాటడానికి పది సెకన్లు పడుతుంది. వంద వేగంతో వచ్చే కారు ఆ పది సెకన్లలో దాదాపు 280 మీటర్లు వచ్చేస్తుంది. చీకట్లో అంత దూరాన కనిపించే లైటు అరవైలో వస్తున్న లారీదో, నూటపదిలో వస్తున్న కారుదో నాకే తెలీదు, నిత్యం ఆ లైట్ల మధ్య బతికేవాణ్ణి. పొగాకు గ్రేడింగుకు పోయి, కాళ్ళు లాగుతూ తిరిగొచ్చే అరవయ్యేళ్ళ ముసలమ్మకు ఏం తెలుస్తుంది? ఆమెకు పదిహేను సెకన్లు కావాలి. అటు దాటాక డివైడర్ మీద నిలబడి, మళ్ళీ ఇంకో పన్నెండు మీటర్లు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. పోయేటప్పుడు ఇటు ఎక్కినవాళ్ళు వచ్చేటప్పుడు అటు దిగుతారు. బస్సు చార్జీ లేదు సరే, రోడ్డు దాటడానికి దారేదీ?

దేశం మొత్తమ్మీద 2022లో రోడ్డు మీద 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో టూవీలర్ల మీద పోయినవాళ్ళు 74,897, నడుస్తూ పోయినవాళ్ళు 32,825. ముగ్గురిలో దాదాపు ఇద్దరు మా బాపతే. రోడ్డు వేసేటప్పుడు మాత్రం ముందు కారు కనబడుతుంది.

బ్లాక్ స్పాట్, అంటే ప్రమాదాలు ఎక్కువ జరిగే చోటు, అనడానికి ఒక కొలత ఉంది. అర కిలోమీటరు లోపల మూడేళ్ళలో మనుషులు చనిపోయిన, తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు అయిదు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. అప్పుడు గానీ బోర్డు రాదు, లైటు రాదు. ఇంతకంటే ముందే తెలుసుకునే మార్గం ఒకటి చెప్తాను. డివైడర్ మీద రెయిలింగ్ ఎక్కడ వంచారో, మొక్కల మధ్య మట్టి ఎక్కడ కాలిబాటగా గట్టిపడిందో చూడండి. జనం దాటేది అక్కడే. మా షాపు ఎదురుగా ఉన్న సందులో కమ్మీ నున్నగా మెరుస్తుంటుంది, చేతులు పట్టీ పట్టీ. ఒకసారి దాన్ని వెల్డింగ్ చేసిపోయారు. వారం తిరక్కముందే కాస్త అవతల ఇంకో సందు పడింది, ఈసారి మలుపులో. ముందున్నదే నయం.

వంతెన కడతామంటారేమో. మోపులు, బిందెలు మోసేవాళ్ళు అన్ని మెట్లు ఎక్కరు. అండర్‌పాసే కావాలి. ఉన్న వాటిల్లో నవంబరు వానలకు మోకాళ్ళ లోతు నీళ్ళు నిలవకుండా చూడాలి. నీళ్ళుంటే బడి సైకిళ్ళు మళ్ళీ పైకే ఎక్కుతాయి.

ఇంకోటి, ఇది నా వృత్తి కాబట్టి చెప్తున్నా. చీకట్లో అంచున ఆపిన లారీని వెనక నుంచి గుద్దిన బండ్లు నా దగ్గరికి వస్తుంటాయి. ఫోర్కు వంగి, హెడ్‌లైటు లోపలికి పోయి ఉంటుంది. నడిపినవాడు రాడు, వాళ్ళ తమ్ముడో బావమరిదో వస్తాడు. ఆ లారీలకు వెనక లైటు వెలగదు, వెలుగు పడితే మెరవాల్సిన స్టిక్కరు దుమ్ముకొట్టుకుపోయి ఉంటుంది. అదే అంచున తిరుమలకు కాలినడకన పోయే భక్తులు తెల్లవారుజామున బారుగా నడుస్తుంటారు. హెల్మెట్ చెకింగ్‌కు నిలబడే పోలీసులు రాత్రిళ్ళు ఆ లారీలను కదిలిస్తే చాలు.

హైవే మా చేతిలో లేదు అంటారని తెలుసు. హైవే అధికారులు మీ మీటింగులోనే కూర్చుంటారు కదండీ. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు ప్రమాణాల ప్రకారం లేక మనిషి చనిపోయినా, వైకల్యం వచ్చినా కట్టినవాళ్ళకూ చూసుకునేవాళ్ళకూ లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. మాకు రాసే రసీదు పుస్తకంలో ఆ పేజీ కూడా ఒకసారి తిప్పండి.

నేను అడిగేది పెద్దదేం కాదు. జిల్లా పొడుగునా డివైడర్ సందులు లెక్కబెట్టించండి. ఒక్కోచోట పొద్దున, సాయంత్రం ఎంతమంది దాటుతున్నారో రాయించండి. ఎక్కువ మంది దాటేచోట ముందు లైట్లు, వేగం తగ్గించే గీతలు, ఆ తర్వాత అండర్‌పాస్. అది కట్టేదాకా సందు మూయొద్దు. సర్వీసు రోడ్డు ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి పొలాల దాకా పొడిగించండి.

చూడ్డానికి వస్తే పొద్దున ఆరున్నరకు రండి. తొమ్మిది దాటితే కూలీలూ బడిపిల్లలూ దాటేసి ఉంటారు. ముందు పైలట్ కారు వద్దు, దాన్ని చూస్తే అందరూ ఆగిపోతారు, మీకేమీ కనపడదు.

ఇట్లు,
హైవే పక్క టూవీలర్ మెకానిక్,
టంగుటూరు మండలం