'మృగాలు' అని రాసేసి ఊరుకోకండి

సంపాదకులకు,

ఎక్కడైనా మూకదాడి జరగగానే 'మానవ మృగాలు' అని హెడ్డింగ్ పెట్టేస్తారు, మనమూ చదివి హమ్మయ్య, వాళ్లు వేరే రకం మనుషుల్లే అనుకుంటాం. 1942 జులై 13న పోలండ్‌లోని యూజెఫూఫ్ ఊళ్లో దాదాపు 1500 మంది యూదుల్ని కాల్చి చంపింది నాజీ జర్మనీలోని హాంబర్గ్ నుంచి వచ్చిన రిజర్వు పోలీసు బెటాలియన్ 101. అందులో చాలామంది పెళ్లాం పిల్లలున్న నడివయసువాళ్లు, రేవు కూలీలు, లారీ డ్రైవర్లు. కమాండర్ ట్రాప్ కళ్లనీళ్లు పెట్టుకుంటూనే, చేతకాదనుకునే పెద్దవయసువాళ్లు పక్కకు రావచ్చన్నాడు. ఒకడు వచ్చాడు, వాడి కెప్టెన్ వాడిమీద మండిపడ్డాడు, ట్రాప్ అడ్డుకున్నాడు, అది చూశాక మరో పది పన్నెండు మంది కదిలారు. దాదాపు 500 మందిలో అంతే! (కాల్పులు మొదలయ్యాక తప్పుకున్నవాళ్లూ ఉన్నారనుకోండి.) ఒప్పుకోనందుకు వాళ్లను కాల్చేసిందేమీ లేదు. మరి మిగతావాళ్లు? 1960ల్లో విచారణలో కొందరు చెప్పింది, తోటివాళ్ల ముందు పిరికివాళ్లనిపించుకోవడం ఇష్టంలేక అని. నాకైతే ద్వేషం కన్నా ఇదే ఎక్కువ టెన్షన్ పెడుతుంది, హాస్టళ్లలో ర్యాగింగ్ నడిచేదీ ఈ మొహమాటం మీదే కదా. ఇకమీదట ఇలాంటి వార్తల్లో, చేయి కలపకుండా పక్కకు జరిగినవాడు ఎవరైనా ఉంటే, వాడేమన్నాడో కూడా రెండు లైన్లు వేయండి.

ఒక పాఠకుడు, గుంటూరు